సీలకి సరిపడ్డ బిట్టు

తణుకు,
జులై 6.

మావయ్యా,

వందనాలు. ఫోను చేస్తే మీరు "ఆఁ? ఎవరూ?" అనడం, నేను గొంతు చించుకోవడం, పక్కింటివాళ్లు ఏమైందోనని పరిగెత్తుకు రావడం, ఇదంతా ఎందుకని ఉత్తరం రాస్తున్నాను. చెవికి మిషన్ పెట్టించుకోమని అత్తయ్య నాలుగేళ్ల నుంచి మొత్తుకుంటోంది. మీరు వింటేగా!

స్కూల్లో క్లర్కు ఉద్యోగం పోయాక రాజమండ్రిలో ఆరు నెలలు వడ్రంగం నేర్చుకున్నాను కదా. ఇప్పటిదాకా నేను చేసినవి నాలుగు స్టూళ్లు, ఒక కోళ్లగూడు. కోళ్లు ఏ వంకా పెట్టలేదు. మనుషులే "ఆడపిల్ల చేసిన బల్ల ఆగుతుందా అమ్మా?" అని అడిగి వెళ్లిపోతున్నారు.

ఇప్పుడొక అవకాశం వచ్చింది. మన పేట చర్చికి ఇరవై నాలుగు బెంచీలు కావాలి. పాతవాటిని చెదలు తినేశాయి. నేను చేస్తానని కమిటీ ముందు నిలబడ్డాను. సెక్రటరీ ఫిన్నీ గారు ప్లాస్టిక్ కుర్చీలు చాలన్నారు. స్త్రీల సమాజం ప్రెసిడెంటు సువార్తమ్మ గారైతే వంకర తిరిగిన మణికట్టు పైకెత్తి చూపించారు. "ఎనభై అయిదులో గుడ్ ఫ్రైడే నాడు చెక్క బెంచీ విరిగి ఆరుగురం పడ్డాం. ఇదిగో, నా చెయ్యి చూడండి. మళ్లీ చెక్కేనా?" అన్నారు. ఆ బెంచీ చేసిన వడ్రంగి బుల్లిరాజు గారిని మనవాళ్లు ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నారు.

చివరికి పాస్టరు గారు మధ్యస్తంగా తేల్చారు. ముందు ఒక్క బెంచీ చెయ్యాలి. అక్టోబరు మొదటి ఆదివారం ఆరుగురు ఆడవాళ్లు దాని మీద కూర్చుంటారు. ఆగితే మొత్తం పని నాది. కదిలితే కుర్చీలు.

మేకులు లేకుండా కొయ్య సీలలతోనే బిగించాలని నా పట్టుదల. అందుకు బెజ్జాలు కావాలి. బజారుకెళ్లి డ్రిల్లు బిట్లు అడిగితే కొట్టాయన "క్యాలెండరు తగిలించుకోడానికాండి?" అని ఒక పెట్టె చేతిలో పెట్టాడు. టేకు చెక్క మీద పెట్టి నొక్కితే పొగొచ్చింది. బెజ్జం చుట్టూ నల్లగా మాడిపోయింది. కోర్సులో బిట్టు ఎప్పుడూ సారే మార్చి ఇచ్చేవారు, మేం నొక్కేవాళ్లం, అంతే. ఏ పనికి ఏ బిట్టో ఎవరూ చెప్పలేదు. ముప్పై ఏళ్లు ఐ.టి.ఐ.లో వడ్రంగం చెప్పిన మేనమామ ఉండగా నేనిలా పొగబెట్టుకుంటే మీకే పరువు తక్కువ.

మీ మేనకోడలు,
తబిత

పెద్దాపురం,
జులై 14.

అమ్మాయ్ తబితా,

నీ ఉత్తరం మీ అత్తయ్యకి చదివి వినిపించాను. చెవి మిషన్ దగ్గర రెండుసార్లు చదివించుకుంది. నా చెవుల గొడవ మీకెందుకే? ముప్పై ఏళ్లు రంపం మిషన్ల మధ్య వినాల్సినవన్నీ వినేశాను.

నీకిచ్చినవి గోడ బిట్లు. కొనన చిన్న రేకు ముక్క అతికించినట్టు మొద్దుగా ఉంటుంది చూడు. అది ఇటుకనీ సిమెంటునీ దంచి పొడి చేస్తుంది. చెక్కని దంచితే పొగ రాక సాంబ్రాణి వాసన వస్తుందా? "ఆడలేక మద్దెల ఓడు" అని నిన్ననలేను, నిజంగానే మద్దెల ఓడు.

చెక్క బిట్టు చూడగానే తెలుస్తుంది. మధ్యలో సూదిలాంటి ములుకు, అంచుల్లో రెండు కోరలు. ములుకు ముందు దిగి, బిట్టు జారకుండా నిలబెడుతుంది. కోరలు చుట్టూ నారని కోశాకే లోపలి చెక్క బయటికొస్తుంది. బెజ్జం అంచు చాకుతో కోసినట్టుంటుంది. సీలలకి ఇదే కొను. ఇనుముకి వాడే మామూలు మెలిక బిట్టు చెక్కలోనూ దిగుతుంది గాని మొదట్లో జారుతుంది. స్క్రూ కొట్టే ముందు వేసే సన్న బెజ్జానికి అది చాలు. గరిటెలా వెడల్పుగా ఉండేదొకటి కూడా చూపిస్తాడు. అది గబగబా దిగుతుంది, బెజ్జం గరుగ్గా వస్తుంది. వైర్లు దూర్చుకునేవాళ్లకి అది, నీకొద్దు.

బెజ్జం వేసేటప్పుడు అడుగున పనికిరాని ముక్క పెట్టు, లేకపోతే అవతలి పక్క పెచ్చులూడుతుంది. మెషీన్ నెమ్మదిగా తిప్పు. మధ్యమధ్య బిట్టు పైకి తీసి పొట్టు దులుపు. అన్నిటికన్నా ముఖ్యమైనది చెబుతున్నాను. ముందు సీల చేతిలోకి తీసుకుని కొలిచి, ఆ తర్వాతే బిట్టు ఎంచాలి. పారేసే చెక్కలో బెజ్జం వేసి, సీల కొట్టి చూడాలి. మూడు దెబ్బలకి దిగాలి, చేత్తో లాగితే రాకూడదు. ప్రతి ఏడాదీ మొదటి రోజు పిల్లలచేత ఈ ముక్క బోర్డు మీద రాయించేవాణ్ణి.

ఎనభై అయిదు సంగతి పాత కథ. దాన్ని కెలక్కు. ఆ విరిగిన బెంచీ ఇంకా ఎక్కడైనా పడి ఉంటే దాని చెక్క మాత్రం వాడకు.

మావయ్య
రాజరత్నం

తణుకు,
ఆగస్టు 3.

మావయ్యా,

కోరల బిట్టు దొరికింది! తణుకులో లేదంటే రాజమండ్రి దాకా వెళ్లి తెచ్చుకున్నాను. మొదటి బెజ్జం వేసి, వేలు పెట్టి చూసి, ఇంట్లో అందర్నీ పిలిచి వాళ్లచేత కూడా వేలు పెట్టించాను. అమ్మ "బెజ్జానికింత సంబరం ఏంటే?" అంది. అమ్మకేం తెలుసు.

ఆ సంబరం వారం రోజులే. కొత్త చెక్క కొనడానికి కమిటీ ఒప్పుకోలేదు. చర్చి పైకప్పు నుంచి దింపిన దూలాలూ, మీరు వద్దన్న ఆ విరిగిన బెంచీ, వీటితోనే చెయ్యాలన్నారు. ఆ బెంచీ ఇన్నేళ్లూ చర్చి వెనక వరండాలో మైకు పెట్టెలు మోస్తోంది. చెక్క మాత్రం బంగారం లాంటి టేకు. దాని పలక మీద డ్రిల్లు పెట్టగానే లోపల దాక్కున్న మేకు తగిలి, నా కొత్త బిట్టు కోర ఒకటి ఎగిరిపోయింది. కూర్చుని ఏడ్చాను మావయ్యా, దాచుకోవడమెందుకు.

అప్పుడు మా షెడ్డు గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. చూస్తే బుల్లిరాజు గారు. లోపలికి రమ్మన్నా రాలేదు. అక్కడే నిలబడి చెప్పారు.

"ఆ మేకులు నేను కొట్టినవి కావు తల్లీ. విరిగిపోయేక ఎవరో అతుకులేసేరు. నేను సీలలే చెక్కేను. సన్నంగా చెక్కేవన్నారు. కాదు బాబూ, అన్నీ ఒక్క కొలతే అన్నాను. ఎవరూ వినిపించుకోలేదు."

ఆ తర్వాత ఈ చుట్టుపక్కల ఆయన్ని మంచి పనికి ఎవరూ పిలవలేదట. గేదెల పాకలకి గుంజలు పాతుకుంటూ ఇన్నేళ్లూ గడిపారు. డెబ్భై ఏళ్లొచ్చాయి. వెళ్తూ వెళ్తూ, "రాజరత్నం ఎలాగున్నాడు? ఆ బెంచీ ఇద్దరం కలిసే చేసేం" అన్నారు. మీరు నాకీ మాట ఎప్పుడూ చెప్పనేలేదే?

తబిత

పెద్దాపురం,
ఆగస్టు 12.

తబితా,

పాత చెక్క మీద బిట్టు పెట్టే ముందు అయస్కాంతం తిప్పి చూసుకో. పాడైపోయిన స్పీకర్లో ఉంటుంది, ఊడదీసుకో. మేకున్న చోట అది పట్టుకుంటుంది. విరిగిన బిట్టుని సానపట్టే ప్రయత్నం చెయ్యకు, కోరలు రెండూ సమంగా లేకపోతే బెజ్జం వంకర పోతుంది. ఇంకొకటి కొనుక్కో.

బుల్లిరాజు ఇంకేమన్నా అన్నాడా?

బెంచీని విప్పాల్సిన పని లేదు. పైపలక వరకు కోసుకో.

రాజరత్నం

తణుకు,
ఆగస్టు 29.

మావయ్యా,

మీ ఉత్తరంలో ఈసారి ఒక్క వెటకారం కూడా లేదు. అత్తయ్యని అడిగితే ఒంట్లో బాగానే ఉందంది.

నేను బెంచీ విప్పేశాను. మీరు వద్దన్నారు, తెలుసు. కాళ్ల చెక్క కూడా కావాల్సొచ్చింది. మేకులన్నీ పీకి, సీలలు బయటికి కొట్టి, ఒక్కొక్కటీ కొలిచాను. పదహారు సీలలు. అన్నీ తొమ్మిదిన్నర మిల్లీమీటర్లే, పాత లెక్కలో అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు. బుల్లిరాజు గారు చెప్పింది నిజం, ఒక్కటి కూడా సన్నం కాదు.

మూడు కాళ్ల బెజ్జాలు సీలకి అతికినట్టున్నాయి. విరిగిన నాలుగో కాలి దగ్గర మాత్రం బెజ్జాలు అర అంగుళం ఉన్నాయి. మధ్యలో సందంతా రంపపు పొట్టూ బంకా కలిపి కూరారు. అది ఎండి పొడి పొడిగా రాలిపోతోంది. ఆరుగురు కూర్చుంటే ఆగుతుందా మరి? సీల చెక్కినాయన తప్పు ఇందులో లేదు. బిట్టు ఎంచినాయన తప్పు.

ఈ కొలతలు చూపిస్తే చెక్క బెంచీలంటే సువార్తమ్మ గారికున్న భయం పోతుంది. నా పని నిలబడుతుంది, బుల్లిరాజు గారి పేరు కూడా నిలబడుతుంది. కానీ చూపిస్తే అందరూ ఒకటే అడుగుతారు. అందుకే ముందు మిమ్మల్ని అడుగుతున్నాను. ఆ రోజుల్లో బెజ్జాలు ఎవరు వేసేవారు మావయ్యా?

తబిత

తణుకు,
సెప్టెంబరు 16.

మావయ్యా,

పద్దెనిమిది రోజులైంది, మీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. మా పోస్ట్‌మ్యాన్ నన్ను చూడగానే దూరం నుంచే తల అడ్డంగా ఊపేస్తున్నాడు.

ఫిన్నీ గారు కుర్చీ ఒకటి తెచ్చి చర్చి ముందు పెట్టారు, ఎరుపు రంగుది. వచ్చినవాళ్లంతా కూర్చుని చూస్తున్నారు. నిన్న సువార్తమ్మ గారు కూడా కూర్చున్నారు.

కొలతల సంగతి నేనెవరికీ చెప్పలేదు. మీరు చెప్పేదాకా చెప్పను. పరీక్షలో ఓడిపోయినా సరే, ఆ మాట నా నోటి వెంట రాదు. మీరు జవాబు రాయకపోయినా మీ మేనకోడల్నే.

తబిత

పెద్దాపురం,
సెప్టెంబరు 22.

అమ్మా తబితా,

బెజ్జాలు నేనే వేశాను.

ఇది రాయడానికి ఇన్ని రోజులు పట్టింది. ఇన్ని రోజులేంటి, ముప్పై తొమ్మిదేళ్లు పట్టింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ చెక్క వాడకు, ఆ బెంచీ విప్పకు అని నీకు నేనే దారి చూపించాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. బుల్లిరాజు సీలలు చెక్కేవాడు, కొత్తగా కొన్న చేతి డ్రిల్లుతో నేను బెజ్జాలు వేసేవాణ్ణి. నాలుగో కాలు మిగిలిందనగా, తొందరలో గట్టిగా నొక్కి బిట్టు విరగ్గొట్టాను. ఆ సాయంత్రం భార్య మహాలక్ష్మమ్మకి పురుటి నొప్పులొస్తున్నాయని కబురొచ్చి బుల్లిరాజు ఇంటికి వెళ్లిపోయాడు. తెల్లారితే నాకు ఇక్కడ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. పెట్టెలో అర అంగుళం బిట్టు కనబడింది. దాంతోనే కానిచ్చేశాను. సీల పెడితే దెబ్బ కొట్టకుండానే దిగిపోయింది. చుట్టూ పొట్టు కూరి, పైన చిత్రిక పట్టి, రంగు పూశాను. నా చెవుల్లో ఇప్పుడు ఏ చప్పుడూ సరిగా పడదు గాని, ఆ సీల చప్పుడు లేకుండా దిగడం మాత్రం నన్ను వదల్లేదు.

ఇంటర్వ్యూ అవగానే సరైన బిట్టు కొన్నాను. ఆదివారం వచ్చి బాగుచేద్దామనుకున్నాను. వెంటనే ఉద్యోగంలో చేరమన్నారు. ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటుండగానే గుడ్ ఫ్రైడే వచ్చింది. అప్పటి పాస్టరు గారు నాకు కార్డు రాశారు. "నాయనా, బుల్లిరాజు సీలలు సరిగానే చెక్కానంటున్నాడు. నీకేమైనా తెలుసా?" అని ఒక్కటే ప్రశ్న. కొత్త ఉద్యోగం, పిల్లలకి పాఠం చెప్పే పని. భయపడ్డాను. జవాబు రాయలేదు. ఆ కార్డు నా బైబిల్లో కీర్తనల మధ్య పెట్టాను. అది కనబడుతుందని ఆ పేజీలు తిప్పడమే మానేశాను. నువ్వు చూడు, పిరికితనం ఎంత దూరం తీసుకుపోతుందో.

ఈ పార్సెల్లో మూడు వస్తువులున్నాయి. ఒకటి ఆ కార్డు. రెండోది దానికి నా జవాబు, పేరూ సంతకంతో సహా. మూడోది నేనప్పుడు కొన్న బిట్టు. ఒక్కసారి కూడా వాడలేదు. నీ మెషీన్‌కి పడుతుంది. జవాబుని ముందు బుల్లిరాజు ఇంటికెళ్లి ఆయనకి చదివి వినిపించు. ఆ తర్వాతే కమిటీలో చదివించు. ఈ వరుస మార్చకు.

నాకోసం నువ్వు ఓడిపోతానన్నావు. ఆ ముక్క చదివాక నిద్రపట్టలేదమ్మా. నీ పని నా అబద్ధం కింద నలగకూడదు.

రాజరత్నం

తణుకు,
అక్టోబరు 7.

మావయ్యా,

వరుసగా చెబుతాను, తొందరపడి చివరికి వెళ్లకండి.

ముందు బుల్లిరాజు గారింటికి వెళ్లాను. ఆయన నేల చూస్తూ విన్నారు. "సీలలన్నీ సరైన కొలతవే, తప్పు నాది" అన్న చోట ఆపి, మళ్లీ చదవమన్నారు. మళ్లీ చదివాను. తర్వాత, "మా మహాలక్ష్మమ్మ ఈ మాట వినకుండానే పోయింది" అన్నారు. ఇది మీరు కూడా తెలుసుకోవాలని రాస్తున్నాను.

లేచి లోపలికెళ్లి ఒక హార్లిక్స్ సీసా తెచ్చారు. అందులో పదకొండు సీలలు. అప్పుడు మిగిలినవి! ఎవరైనా కొలిచి చూస్తారని దాచారట. ఒక్కరూ అడగలేదట. మీ బిట్టు తీసి చూపిస్తే చేతిలో తిప్పి తిప్పి చూశారు. ఆ సాయంత్రమే మా షెడ్డుకొచ్చి, మొదటిసారి గుమ్మం దాటి లోపల కూర్చున్నారు. పారేసే చెక్కలో మీ బిట్టుతో బెజ్జం వేశాను. ఆయన సీల పెట్టి కొట్టారు. మూడు దెబ్బలు, మూడు మంచి చప్పుళ్లు. లాగితే రాలేదు. ఆయన నవ్వారు, నేను ఏడ్చాను. బెంచీకి కావాల్సిన పదహారుకి తక్కువైన అయిదు సీలలూ అప్పటికప్పుడు చెక్కి ఇచ్చారు, వాటితోనే బెంచీ బిగించాను.

కమిటీలో మీ జవాబుని పాస్టరు గారు చదివారు. ఫిన్నీ గారు లేచి, బుల్లిరాజు గారిని లోపలికి పిలిచి, తన పక్కన ఆ ఎర్ర కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ కుర్చీ ఆ ఒక్కదానికి పనికొచ్చింది.

నిన్న ఆరాధన అయ్యాక పరీక్ష పెట్టారు. సువార్తమ్మ గారు నాలుగో కాలి వైపు కూర్చుంటానని పట్టుబట్టారు. మిగతా అయిదుగురూ సన్నవాళ్లేమీ కాదు. పాట మొత్తం అయ్యేదాకా కూర్చున్నారు. సువార్తమ్మ గారు కావాలనే అటూ ఇటూ ఊగారు. బెంచీ కిర్రుమనలేదు. ఆవిడ లేచి, కాలు పట్టుకుని గుంజి చూసి, "అమ్మాయ్, మిగతా ఇరవై మూడూ క్రిస్మస్ లోపు అవుతాయా?" అన్నారు. అవుతాయండి అన్నాను. ఎలా అవుతాయో నాకే తెలియదు.

తర్వాత నన్ను పక్కకి పిలిచి మీకు కబురు చెప్పమన్నారు. "రాజరత్నం నా చెయ్యి తిన్నగా చెయ్యలేడు గదా. వచ్చి ఆ ఇరవై మూడింటికీ బెజ్జాలు వెయ్యమను. అప్పుడు ఆలోచిస్తాను."

మన చర్చిలో ఫ్యానుకీ గడియారానికీ అన్నిటికీ ఎవరో ఒకరి జ్ఞాపకార్థమని రాస్తారు కదా. ఈ బెంచీ మీద బుల్లిరాజు గారి పేరు రాద్దామన్నారు పాస్టరు గారు. "రాయండి గాని, జ్ఞాపకార్థం అని మాత్రం రాయకండి బాబూ, నేనింకా ఉన్నాను" అన్నారాయన. చర్చంతా నవ్వింది. మన వాళ్లు ఆయన మాటకి నవ్వడం నేను చూడడం ఇదే మొదలు.

ఇక మీకు చెప్పని సంగతొకటి ఉంది. బెజ్జాలు ఎవరు వేసేవారని మీకు రాసిన రోజే నాకు తెలుసు. తెలిసే అడిగాను. మీ నోటితో వినాలనిపించింది.

బుల్లిరాజు గారిని మీకేమైనా రాయాలా అని అడిగితే, "రాసేదేం లేదు. రమ్మను. తిట్టాల్సింది చాలా ఉంది, ఉత్తరంలో తిడితే ఆనదు" అన్నారు. ఆయనకి చెవులు వినబడవండి అన్నాను. "పర్లేదు, దగ్గరగా కూర్చుని తిడతాను" అన్నారు.

తబిత

పెద్దాపురం,
అక్టోబరు 14.

అమ్మాయ్ తబితా,

తెలిసే అడిగావా! మేనమామ పోలికే. నేను తెలిసే చెప్పలేదు, నువ్వు తెలిసే అడిగావు. నీదే మంచి పోలిక.

మహాలక్ష్మమ్మ సంగతి నువ్వు దాచకుండా రాయడం మంచిదైంది. వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంటాను.

శుక్రవారం పొద్దున బస్సుకి బయల్దేరుతున్నాను. క్రిస్మస్ దాకా మీ ఇంట్లోనే ఉంటానని మీ అమ్మకి చెప్పు, సణిగితే సణగనీ. నా పాత బిట్లన్నీ సానపట్టి గుడ్డలో చుట్టి పెట్టాను. ఇరవై మూడు బెంచీలకీ సీలలు బుల్లిరాజే చెక్కాలి. ఆయన చేతిలో సీల చూశాకే నేను బిట్టు ఎంచుతాను. పారేసే చెక్కలో వేసి, ఆయన కొట్టి, సరే అన్నాకే అసలు చెక్క ముట్టుకుంటాను. మెషీన్ నీది, మేస్త్రీవి నువ్వు. మేమిద్దరం నీ కింద పనివాళ్లం.

మీ అత్తయ్య ఈ ఉత్తరం చివర ఒక మాట రాయమని పక్కనే నిలబడింది. నిన్న కాకినాడ వెళ్లి చెవికి మిషన్ పెట్టించుకున్నాను. ఇంటిదాకా దారంతా బస్సు హారన్లకి ఉలిక్కిపడుతూనే వచ్చాను. మీ అత్తయ్య తన పోరు పడలేకే పెట్టించుకున్నానని ఊరంతా చెబుతోంది. చెప్పుకోనీ. బుల్లిరాజు తిట్టే తిట్లలో నాకు ఒక్కటి కూడా వినబడకుండా పోకూడదు.

మావయ్య
రాజరత్నం